పైసలు హునర్‌కు కావు, ఇజాజత్‌కు

ముప్పై వేలు పెట్టి బొమ్మ కొనేవాడు పాగల్ అని నేను అనను. షౌక్ అనేది లెక్కలకు దొరికేది కాదు. మా అబ్బా తరంలో పావురాలకు, పతంగులకు తన్ఖా తగలేసినవాళ్ళు ఎంతమంది లేరు? బస్తీ వాళ్ళను చూసి నవ్వింది, ముచ్చటపడ్డది, అంతే. కాబట్టి నా కొట్లాట బొమ్మతోటి కాదు. ఆ బొమ్మ చుట్టూ అల్లిన ఒక అబద్ధంతోటి. గోదావరిఖని నుంచి సుల్తానాబాద్ దాకా మన నౌజవాన్ల నోట ఇప్పుడు ఆ అబద్ధమే వినిపిస్తున్నది: "కంపెనీల మధ్య ముకాబిలా ఉన్నది, అందుకే హునర్ పెరిగింది. హునర్ పెరిగింది, అందుకే ఖీమత్ పెరిగింది."

ఈ మాటలో మొదటి సగం కొంత నిజం. రెండో సగం సాఫ్ ఝూట్.

ఈ సంగతి తెలియని అమ్మీలకు, ఖాలాలకు ముందుగ చెప్తా. ఇవి సినిమా హీరోల బొమ్మలు. అసలు మనిషిలో ఆరో వంతు, అంటే సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు. మోకాలు, మోచెయ్యి, మెడ అన్నీ కదులుతయి. ఒంటి మీద కుట్టిన బట్టలుంటయి, చేతులు మార్చుకోవచ్చు, మొహం చూస్తే యాక్టరే మన అల్మారాలో నిలబడ్డట్టు ఉంటది. హాంకాంగ్‌లో 2000లో మొదలైన హాట్ టాయ్స్ ఈ బజార్‌లో పెద్ద పేరు. జపాన్‌లో మెడికామ్, అమెరికాలో సైడ్‌షో, హాంకాంగ్‌లోనే ఎంటర్‌బే, చైనా నుంచి క్వీన్ స్టూడియోస్ వాళ్ళ ఇన్‌ఆర్ట్ అని ఇంకా చాలా ఉన్నయి. హాట్ టాయ్స్ బొమ్మ మామూలుగ 250, 300 డాలర్లకు అటు ఇటు. దాని మీద మన దేశంలో కస్టమ్స్ ఒకటి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతం చేసిండ్రు, 2023లో 70 చేసిండ్రు. అది పెద్దపల్లికి చేరేసరికి ఒక కాంట్రాక్ట్ కార్మికుని ఇల్లు నెలో, రెండు నెలలో గడిచే పైసలు ఐపోతయి.

ఇక ముకాబిలా సంగతి. ఇన్సాఫ్‌గ మాట్లాడాలంటే వాళ్ళ పనితనాన్ని ఒప్పుకోవాలె. హాట్ టాయ్స్ బొమ్మ కండ్లను అటు ఇటు తిప్పే ఏర్పాటు పెట్టింది. ఐరన్ మ్యాన్ కవచాన్ని ప్లాస్టిక్ బదులు లోహంతోటి పోత పోసింది. ఇన్‌ఆర్ట్ వచ్చి జోకర్ బొమ్మ తలకు వెంట్రుకలే నాటింది. ఒకడు చేసినదాన్ని చూసి ఇంకొకడు మెరుగు పెడుతున్నడు. ఇది హునర్ కాదని ఎవడంటడు? నా మేనల్లుడు ఫోన్‌లో ఒక మొహం పెద్దగ చేసి చూపించిండు. చెంప మీద చర్మపు రంధ్రాలు కూడ కనిపించినయి. "మామూ, యే ఖిలోనా నై హై, ఫన్ హై" అన్నడు. ఫన్నే. ఒప్పుకున్న.

కాని ఒక సవాల్ అడిగిన: "బేటా, మన ఊర్ల ఒక పిల్లగాడు గదే జోకర్ మొహాన్ని దీనికంటె బాగ చెక్కిండు అనుకో. అమ్మగలడా?"

అమ్మలేడు. అమ్మితే దొంగ. ఎందుకంటె ఆ మొహం ఒక సినిమా కంపెనీ మిల్కియత్. దాన్ని బొమ్మ చేసి అమ్మాలంటె ఇజాజత్ కావాలె, లైసెన్స్ అంటరు దాన్ని. ఇజాజత్‌కు పైసలు ముందుగాల కట్టాలె, అమ్మినకొద్దీ వాటా ఇయ్యాలె, చెక్కిన మొహాన్ని వాళ్ళకు చూపించి మంజూరు తీసుకోవాలె. అంటే పందెంలో దిగడానికే ఒక గేటు ఉన్నది, ఆ గేటు కాడ చేతి పనితనం ఎవడూ చూడడు. తిజోరీ చూస్తడు. కుస్తీ పోటీ అని పిలిచి, లోపలికి పోవాలంటె అఖాడా మాలిక్ ఇంటి పత్రం చూపియ్యమన్నట్టు ఉన్నది వ్యవహారం. లోపల కుస్తీ నిజమే కావచ్చు. కాని "గెలిచినవాడే ఊర్ల పెద్ద పహిల్వాన్" అని మాత్రం చెప్పొద్దు.

ఈ గేటు ఎట్ల పుట్టిందో తవారీఖ్ చూస్తే తెలుస్తది. 1964లో అమెరికాలో హాస్బ్రో అనే కంపెనీ జి.ఐ. జో అనే సిపాయి బొమ్మను తెచ్చింది. మగపిల్లలు గుడియాతోటి ఆడుకోరని భయపడి దాన్ని గుడియా అనకుండ 'యాక్షన్ ఫిగర్' అన్నరు. అంటే ఆ పేరే ఒక అమ్మకపు చాలాకీ. 1977లో స్టార్ వార్స్ సినిమా వచ్చింది. ఇజాజత్ కెన్నర్ అనే కంపెనీ చేతిలో ఉన్నది, కాని క్రిస్మస్‌కు బొమ్మలు తయారు కాలేదు. వాళ్ళేం చేసిండ్రు? అట్టతోటి చేసిన ఖాళీ కవరు అమ్మిండ్రు. అందులో ఒక కాగితం, దాన్ని పోస్టులో పంపితే వచ్చే సంవత్సరం నాలుగు బొమ్మలు పంపుతమని వాదా. జనం కొన్నరు. బొమ్మ లేదు, చెక్కినవాడు లేడు, రంగు లేదు, వట్టి ఇజాజత్ ఒక్కటే ఉన్నది. అదే అమ్ముడుపోయింది. "ఖీమత్ హునర్‌ది" అనేవాళ్ళకు ఇంతకంటె పెద్ద జవాబ్ నేను ఇయ్యలేను.

ఇంకొక ముచ్చట చెప్తా, నవ్వుకోండ్రి. టాయ్ బిజ్ అనే అమెరికా కంపెనీ ఎక్స్‌మెన్ బొమ్మలను చైనాలో చేయించి తెప్పించుకునేది. అక్కడి కస్టమ్స్‌లో అప్పుడు మనిషి రూపం ఉన్నదాన్ని గుడియా కింద లెక్కగట్టి 12 శాతం సుంకం, మనిషి కానిదాన్ని ఆటవస్తువు కింద లెక్కగట్టి 6.8 శాతం సుంకం. కంపెనీ అదాలత్‌కు పోయింది: "మా హీరోలు మనుషులు కారు" అని వాదించింది. 2003లో గెలిచింది కూడ! ఆ కథల్లో హీరోల బాధంతా ఏంది? మమ్మల్ని కూడ మనుషులుగా చూడండ్రి అనే గదా. సుంకం లెక్క వచ్చేసరికి మాలికే వాళ్ళను ఇన్సాన్ కాదని చెప్పి వచ్చిండు. ఈ కంపెనీలకు వాళ్ళ కథ మీద ఎంత మొహబ్బత్ ఉన్నదో దీంతోటి అర్థం చేసుకోండ్రి.

ఇక చేతుల సంగతి. హాట్ టాయ్స్ డబ్బా మీద మొహం చెక్కిన ఉస్తాద్ పేరు, రంగు పని చూసిన ఉస్తాద్ పేరు అచ్చు వేస్తరు. ఇది మంచి రివాజ్, దీని గురించి మళ్ళ చెప్తా. కాని వేల బొమ్మలు తయారయ్యేది చైనా కార్ఖానాల్లో. అక్కడ కనుబొమ్మ, పెదవి, మచ్చ దిద్దే మజ్దూర్ల పేర్లు ఏ డబ్బా మీద ఉండయి. సింగరేణి బెల్టులో పుట్టినవాళ్ళకు ఇది కొత్తగ చెప్పాల్నా? ఒకే గనిలో ఇద్దరు, ఇద్దరి మొహం మీద అదే దుమ్ము. ఒకడు పర్మనెంట్, ఇంకొకడు కాంట్రాక్ట్. దసరాకు లాభాల వాటా పంచిన రోజు ఆ ఇద్దరి ఇండ్లల్ల దస్తర్‌ఖాన్ ఒక్కతీరుగ ఉంటదా? ముకాబిలా గట్టిగ నడిచిన ప్రతి చోట పైనోళ్ళు ఖర్చు తగ్గించుకునేది ఈ పేరు లేనివాని కాడనే. కంపెనీల పోటీని చూసి చప్పట్లు కొట్టే మన పిల్లలు, బొగ్గు బావి మీద కొట్లాడిన తాతల మనవలు. వాళ్ళకు ఈ లెక్క తెలియాలె.

ఇప్పుడు మన ఇండ్లల్లకు వచ్చిన తబాహీ గురించి. ఈ బొమ్మలు తయారైనంక కొనేవి కావు. ముందుగ బుక్ చేసుకోవాలె. బయానా కట్టాలె, ఏడాదో ఏడాదిన్నరో ఆగాలె. వద్దనుకుంటె చాలా చోట్ల బయానా వాపస్ రాదు. మా చుట్టాలలో ఒక పిల్లగాడు ఓపెన్‌కాస్ట్‌లో కాంట్రాక్ట్ మీద డ్రైవర్. ఎక్కడిదో ఒక దుకాణానికి ఫోన్‌లోనే తొమ్మిది వేలు బయానా పంపిండు. బొమ్మ రాలేదు. ఫోన్ ఎత్తరు. తండ్రికి చెప్పలేక వాడు మూడు నెలలు రాత్రి షిఫ్టు కూడ అదనంగ చేసిండు. తొమ్మిది వేలు పోయినందుకు నేను బాధపడలేదు. "మామూ, మంచి షెల్ఫ్ ఉన్నోడికే ఇజ్జత్" అని వాడన్నడు. నాకు గుండెల దిగింది ఆ మాట. గాజు అల్మారా మన నౌజవాన్‌కు ఇజ్జత్ కొలిచే గజం ఎప్పుడైంది?

బయానా తర్వాత కిస్తీ. సున్నా వడ్డీ అని రాస్తరు, కింద సన్నటి అక్షరాలల్ల ప్రాసెసింగ్ ఫీజు, ఒక కిస్తీ తప్పితే జుర్మానా, ఆ మీద సూద్. ఇంట్లో సూద్ పేరెత్తితే చెవులు మూసుకునే మనం, పిల్లగాని ఫోన్‌లో అది బొమ్మ రూపంలో వస్తే గుర్తుపడతలేము. రాని వస్తువుకు ముందుగ పైసలు కట్టే బేరానికి మన ఫిఖహ్‌లో షరతులు ఉన్నయి: వస్తువు ఏంది, ఎట్లాంటిది, ఖీమత్ ఎంత అనేది సాఫ్‌గ ఉండాలె, ధోకాకు జాగా ఉండొద్దు. ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు, మీ మసీదులో ఆలిమ్ సాబ్‌ను అడగండ్రి. కాని అడగండ్రి. పెండ్లికి పందిరి వేసేటోనితోటి పది షరతులు మాట్లాడుకునే మనం ఇక్కడ ఎందుకు మూగబోతున్నం?

"మామూ, ఇది ఖర్చు కాదు, పెట్టుబడి. రెండేండ్లు డబ్బా విప్పకుండ పెడితే రెండింతలైతది" అనేది ఇంకొక దలీల్. కొన్ని అయినయి, నిజమే. కాని అదే కంపెనీ నాలుగేండ్లకు అదే హీరోను ఇంకా మంచి మొహంతోటి '2.0' అని మళ్ళ తెస్తది. అప్పుడు నీ డబ్బా విప్పని పాతదాన్ని ఎవడు కొంటడు? ఖీమత్ పెంచే తాళంచెవి నీ చేతిలో లేదు బేటా, అమ్మినోని చేతిలోనే ఉన్నది. ఇక రెండు కొని, ఒకటి దాచి, సరుకు లేని రోజు ఇంకొక షౌఖీన్ గొంతు మీద కూర్చొని అమ్మేవాళ్ళున్నరు. ఇహ్తికార్ అనే మాట మన పెద్దలు ఎక్కువగ ధాన్యం గురించి చెప్పిండ్రు. ఇది ధాన్యం కాదు, నిజమే. మిజాజ్ మాత్రం అదే.

ఇక్కడ ఇంకొక వైపు వాళ్ళతోటి కూడ నాకు పేచీ ఉన్నది. "బొమ్మలు హరామ్, బయట పడెయ్" అని ఒక్క మాటతోటి బహస్ ఖతం చేసే పెద్దమనుషులు. తస్వీర్, ముజస్సమా మసలా చిన్నది కాదు, అందులో ఉలమాలే రకరకాలుగ చెప్పిండ్రు. హజ్రత్ ఆయిషా గుడియాలతో ఆడుకున్న సంగతి హదీసుల్లో ఉన్నది, దాన్ని ఎట్ల అర్థం చేసుకోవాలె అనే ఇఖ్తిలాఫ్ కూడ ఉన్నది. ఆ తీర్పు నేను చెప్పను. నేను చెప్పేది ఒకటే: బొమ్మ పడేస్తే పిల్లగాని లోపలి ఖాళీ పోదు. రేపు అదే ఖాళీలోకి స్పోర్ట్స్ బైక్ వస్తది, ఎల్లుండి లక్ష రూపాయల ఫోన్ వస్తది. గద్దించిన నాన్నే చిన్న కొడుకు పుట్టినరోజుకు ఐదు అంతస్తుల కేక్ పెడతడు. ఇస్రాఫ్‌కు బొమ్మ రూపం ఉంటేనే కోపం వస్తదా?

మరి ఏం చేద్దాం? జర మన చుట్టూ చూద్దాం.

మంచిర్యాల దాటి, లక్షెట్టిపేట, జన్నారం, ఖానాపూర్ మీదుగ పోతే నిర్మల్. అక్కడ పొనికి కట్టెతోటి బొమ్మలు చేస్తరు. తేలికైన, మెత్తని కట్టె అది. ముక్కలు చెక్కి, చింతగింజల పిండితోటి చేసిన ముద్దతో అతికి, నునుపు చేసి, రంగులేస్తరు. చేసేవాళ్ళను నకాషీలు అంటరు. వాళ్ళు హిందువులే, కాని ఆ పేరు వచ్చింది నక్కాష్ అనే మాట నుంచి, అంటే మన జబాన్ నుంచి. ఒక హునర్ ఎన్ని ఇండ్లు తిరిగి మన దాకా వస్తదో ఆ ఒక్క మాటలో ఉన్నది. ఎన్టీఆర్ జిల్లా కొండపల్లిలో కూడ అదే పొనికి జాతి కట్టె, అట్లాంటి పనే. మన కరీంనగర్‌లో వెండి తీగతోటి అల్లే ఫిలిగ్రీ. వెంట్రుక లెక్కన తీగ తీసి నెమలిని, పల్లకీని అల్లుతరు. 2016 దాకా మనది కరీంనగర్ జిల్లానే. మన ఇండ్లల్ల ఎన్నింటిల ఆ పని ముక్క ఒకటైనా ఉన్నది?

వీళ్ళకు సర్కార్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసినప్పుడు రిజిస్టరైన చేతివృత్తుల వాళ్ళకు మాఫీ కూడ ఇచ్చింది. మంచిదే. కాని కాగితం వాళ్ళను గేటు దాకా తెచ్చింది, అంతే. బజార్‌లో వాళ్ళకు ముకాబిలా ఎవరితోటి? అచ్చులో పోసి కుప్పలుగ వచ్చే ప్లాస్టిక్ తోటి. పైన కంపెనీలు ఎవని బొమ్మ అస్లీ లెక్క ఉంటదని పోటీ పడుతున్నయి. కింద చేతిపని వాళ్ళను ఎవడు తక్కువకు ఇస్తడు అనే పోటీల నిలబెట్టినం. నిలబెట్టినోళ్ళల్ల మనమూ ఉన్నం. మాల్‌ల అతికించిన ధరకు కార్డు గీకేవాడు, మేళాలో నకాషీ చెప్పిన ధరకు "కట్టె ముక్కకు ఇంతనా?" అని సగానికి అడుగుతడు. హాంకాంగ్ బొమ్మకు బేరం ఆడడానికి ఎవనికైనా హిమ్మత్ ఉన్నదా?

"ఆ సఫాయి వేరు, ఈ పని వేరు మామూ, రెండూ బరాబర్ కావు" అంటడు మేనల్లుడు. బరాబర్ అని నేను అంటలేను. నిర్మల్ బొమ్మ యాక్టర్ మొహాన్ని నకలు చెయ్యడానికి పుట్టలేదు. కాని సఫాయి ఎక్కడి నుంచి వస్తది? పని చేసినోనికి తీరిక, మంచి రంగు, మంచి కట్టె, వచ్చే నెల కూడ ఆర్డరుంటదనే భరోసా ఉంటే వస్తది. అరపూట కూలి కూడ గిట్టని ధర ఇచ్చి, పని నాజూకుగ లేదని అనడం జుల్మ్. మూర దుకాణానికి పోయి గజం అడిగినట్టు.

ఇంకా దగ్గరికి రండ్రి. మన బస్తీల డెంటింగ్ పెయింటింగ్ షెడ్లల్ల మన పిల్లలే ఉన్నరు. సొట్ట పోయిన తలుపును సుత్తెతోటి సమం చేసి, పుట్టీ పెట్టి, అద్దం లెక్క రుద్ది, స్ప్రే గన్‌తోటి రంగు కలిపిన జాడ కూడ తెలియకుండ వేస్తరు. జరీ పని చేసే బాజీలు ఉన్నరు, సూది మొనతోటి పువ్వు పూయిస్తరు. ఆ బొమ్మ చర్మం మీద రంగేసే చెయ్యి, ఈ చెయ్యి ఒకే ఖాందాన్‌వి. తేడా ఏందంటే, ఆ చెయ్యిని ఆర్టిస్ట్ అన్నరు, ఈ చెయ్యిని 'చోటూ' అన్నరు. మనమే అన్నం. చదువు రాని పిల్లగాడు షెడ్డుకు, షెడ్డు నచ్చకపోతే గల్ఫ్‌కు. హునర్‌ను సజా లెక్క చూసే ఖౌమ్, పరాయి హునర్‌కు ముప్పై వేలు కట్టి అల్మారాల నిలబెట్టుకోవడం కంటె పెద్ద మజాక్ ఇంకేమున్నది?

కాబట్టి నా మాట ఇది. బొమ్మ మీద షౌక్ ఉన్న కొడుకును కొట్టకుండ్రి, పక్కన కూర్చోబెట్టుకొని లెక్క చెప్పుండ్రి: ఈ ఖీమత్‌లో ఇజాజత్ ఉన్నది, సుంకం ఉన్నది, దుకాణం లాభం ఉన్నది, చేతికి పోయేది ఎంత అని అడగండ్రి. కిస్తీ మీద కొనే షౌక్ షౌక్ కాదు, కర్జ్. దాన్ని ఇంట్లకు రానియ్యకుండ్రి. వాడు నిజంగ ఆ మొహాల పనితనం చూసి మురిసిపోతున్నడంటే వాని చేతుల్లో ఏదో దురద ఉన్నట్టు. ఆ పైసలల్ల పదో వంతు పెట్టి మట్టి, చెక్కే పనిముట్లు, బ్రష్‌లు కొనియ్యండ్రి. మనిషి రూపం వద్దనుకునే ఇంట్లో పువ్వు చెయ్యనియ్యండ్రి, గని చెయ్యనియ్యండ్రి, చార్మినార్ చెయ్యనియ్యండ్రి. కంప్యూటర్‌లో చెక్కడం నేర్చుకుంటనంటే నేర్పించండ్రి. అది బీటెక్ కంటె తక్కువ ఇల్మ్ కాదు.

ఆ కంపెనీల కాడ నేర్చుకోవాల్సిన మంచి రివాజ్ ఒకటున్నదని పైన చెప్పిన. చెక్కినోని పేరు డబ్బా మీద వేసుడు. దాన్ని మనం ఉత్తగనే తెచ్చుకోవచ్చు, దానికి ఎవని ఇజాజత్ అక్కర్లేదు. నిర్మల్ బొమ్మ కింద చేసినోని పేరు ఉండాలె. ఫిలిగ్రీ డబ్బాలో అల్లినోని పేరు ఉండాలె. బాజీ కుట్టిన జరీ దుపట్టా కొంగు లోపల ఆమె పేరు రెండు కుట్లల్ల ఉండాలె. షెడ్డుల కారు వాపస్ తీసుకునేటప్పుడు పైసలిచ్చే ముందు ఆ పిల్లగాన్ని చోటూ అని కాకుండ పేరు పెట్టి పిలువుండ్రి. పేరు తెలియకపోతే ఖీమత్ అడిగే ముందు పేరు అడగండ్రి. పేరు తెలిసిన మనిషి కాడ సగానికి బేరం ఆడడం అంత ఆసాన్ కాదు.